సన్నిధికి తగిన కీర్తన



బ్రహ్మోత్సవాలు, శివరాత్రి, నవరాత్రులు వంటి పర్వదినాలలో సాయంకాలం మండపంలో సంగీత కచేరి ఏర్పాటు చేయటం మన దేవాలయాలలో తరతరాల ఆచారం. కచేరి ముగిసి ప్రసాదం స్వీకరించే వేళ భక్తుల నోట ఒక మాట తరచుగా వినవస్తుంది: "ఆయన అంతటి విద్వాంసులు గదా! మనందరికీ తెలిసిన పాట ఒక్కటైనా పాడక, ఎన్నడూ వినని కీర్తనను అంతసేపు ఎందుకు పాడారు?" ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. వినేవారికి అడిగే అధికారం ఉన్నది. అయితే ఒక పెద్ద విద్వాంసుడు ఆ సాయంకాలానికి ఒక పాటను ఎంచుకొని మరొకదానిని విడిచిపెట్టటం వెనుక ఎంత విచారణ ఉన్నదో తెలిస్తే మనం వినే తీరు కూడా మారుతుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల వారమైన మనకు ఈ విషయం పరాయిది కాదు. ఒకవైపు మహానందీశ్వరుడు, మరొకవైపు అహోబిల నారసింహుడు కొలువై ఉన్న సీమ మనది. ఈ ఇద్దరికీ సంగీతంతో ఉన్న సంబంధాన్ని ముందుకు పోయిన కొద్దీ చెప్పుకుందాం.

పూజలో పువ్వును గురించి ముందుగా ఆలోచించండి. తోటలో ఎన్ని పువ్వులున్నా అన్నింటినీ అందరు దేవతలకూ సమర్పించము. విష్ణువుకు తులసి, శివునికి మారేడు. మొగలిపువ్వు ఎంత పరిమళించినా శివపూజకు పనికిరాదు. నైవేద్యమూ అంతే, మంగళగిరి నృసింహునికి పానకమే ప్రీతి. షోడశోపచారాలు పూర్తయిన పిమ్మట జరిపే రాజోపచారాలలో గీతం, వాద్యం, నృత్యం ఉన్నాయి. అంటే పాట కూడా పువ్వువలె, నైవేద్యంవలె స్వామికి సమర్పించే ఉపచారమే. మరి పువ్వుకు, పిండివంటకు ఉన్న తారతమ్య విచారణ పాటకు మాత్రం ఉండవద్దా?

దేవాలయంలో పాట రెండు విధాలుగా వినిపిస్తుంది. ఒకటి నిర్ణీతమైనది. అహోబిలం 108 దివ్యదేశాలలో ఒకటి. తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొழిలో ఈ క్షేత్రంమీద 10 పాశురాలు అనుగ్రహించారు. దివ్యప్రబంధ పారాయణలో ఏ పాశురం తరువాత ఏ పాశురమో ఎవరూ ఎంచుకోనక్కరలేదు. క్రమం పూర్వులే ఏర్పరచి పెట్టారు. సన్నాయి విద్వాంసుని పని కూడా చాలవరకు ఇటువంటిదే. తెల్లవారుజామున భూపాలం, బౌళి. ఊరేగింపు బయలుదేరేటప్పుడు గంభీరనాటలో మల్లారి. ఏకాంతసేవ వేళ నీలాంబరి. కాలమూ కైంకర్యమూ రాగాన్ని నిర్ణయిస్తాయి. రెండవది కచేరి. ఇక్కడ వేదిక మీద కూర్చున్న విద్వాంసునికి స్వేచ్ఛ ఉన్నది. ఆయనకు కంఠస్థమైన కీర్తనలు మూడు నాలుగు వందలు ఉండవచ్చు. ఆ పూట పాడగలిగేవి తొమ్మిదో పదో. మిగిలినవన్నీ ఆ రాత్రికి మౌనంగా ఉండిపోతాయి. ఎంపిక అంటే పాడటం ఎంతో, పాడకపోవటమూ అంతే.

ఈనాడు మనం వింటున్న కచేరి పద్ధతికి రూపమిచ్చిన ఘనత అరియక్కుడి రామానుజ అయ్యంగారికి దక్కుతుంది. 1890లో జన్మించి 1967లో పరమపదించిన ఆ మహావిద్వాంసుడు ముందుగా వర్ణం, ఆపై మధ్యమకాలపు కృతులు, తరువాత విస్తారమైన రాగాలాపనతో ప్రధాన కృతి, తని ఆవర్తనం, రాగం తానం పల్లవి, చివర తుక్కడాలు, మంగళం అనే క్రమాన్ని స్థిరపరచారు. ఇందులో ఒక యుక్తి ఉన్నది. వర్ణంతో గొంతు విచ్చుకుంటుంది; వేళ్ళు ఫిడేలు మీద కుదురుకుంటాయి; మృదంగానికి ఆ పూట కాలప్రమాణం తెలుస్తుంది. నాలుగైదు కృతులు గడిచి, గాత్రం బాగా కాగిన సమయంలో ప్రధాన రాగం వస్తుంది. మొదటనే తోడిని గాని భైరవిని గాని గంటసేపు పాడబోయిన గాయకుడు పొయ్యి వెలిగించకముందే వంట దించబోయిన వానివంటివాడు.

ఈ చట్రంలో ఏ పాటలను కూర్చాలి అన్నది అసలు చిక్కు. ఒక రాగం వెంట దానికి దగ్గరి రాగం రాకూడదు. మోహనం పాడిన వెంటనే బిలహరి పాడితే, రెండింటి ఆరోహణ ఒకటే కావటంచేత, వినేవారి చెవిలో మొదటిదాని ఛాయ చెరగకముందే రెండవది వచ్చి పడుతుంది. అదేవిధంగా వరుసగా మూడు ఆదితాళాలు, మూడు చౌకకాలాలు, ఒకే వాగ్గేయకారుని మూడు కృతులు రాకుండా చూసుకోవాలి. అందులో పక్కవాద్యాలవారి స్థితి ఒకటి. ఫిడేలు విద్వాంసుడు యువకుడైతే, ఆయనకు పరిచయం లేని అపూర్వరాగాన్ని ముందుగా చెప్పకుండా ఎత్తుకోవటం పెద్దల లక్షణం కాదు. పక్కవానిని తడబడజేసి తాను మెరవాలనుకునే గాయకుడు ఎంత పండితుడైనా వృద్ధుడనిపించుకుంటాడు గాని పెద్ద అనిపించుకోడు. (రాగాలకు సంబంధించిన నమ్మకాలు కూడా కొన్ని ఉన్నాయి. ఉదయాన్నే ఆహిరి పాడితే ఆ పూట అన్నం దొరకదని గాయకులలో ఒక నానుడి. నిత్యాన్నదానం జరిగే క్షేత్రాలలో ఆ భయం అక్కరలేదనుకోండి!)

వయసు మీరిన విద్వాంసుల ఎంపికలో మరొక విశేషం కనిపిస్తుంది. యౌవనంలో గాయకుడు తాను ఏమి పాడగలనో చూపటానికి పాటను ఎంచుకుంటాడు. ద్రుతకాలపు స్వరాలు, తారస్థాయిలో నిలకడ, చిక్కైన తాళాలు అప్పుడు ఆకర్షిస్తాయి. అరవై, డెబ్బై ఏళ్ళు వచ్చేసరికి ఊపిరి తగ్గుతుంది, శ్రుతి అర మెట్టు దింపుకోవలసి వస్తుంది. దీనిని లోపమని అనుకునేవారు ఉండవచ్చు. నా మట్టుకు, తెలుగునాట సంగీతం చాలావరకు ఈ తగ్గిన ఊపిరితోనే లోతు పెంచుకున్నదని తోస్తుంది. గొంతు అన్నింటికీ లొంగనప్పుడు, యాభై ఏళ్ళుగా తనలో నాని పండిన పాటలనే విద్వాంసుడు వెదుక్కుంటాడు. పరుగు తీయవలసిన పాటలు రాలిపోతాయి. సాహిత్యాన్ని ఒత్తి చెప్పవలసిన పాటలు, రెండు సంగతులలోనే రాగమంతా తెలిసిపోయేవి మిగులుతాయి.

దీనికి మన ముంగిటనే ఉదాహరణ ఉన్నది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడేవరకు మనది కర్నూలు జిల్లాయే గదా. ఆ కర్నూలు పట్టణాన్ని నివాసంగా చేసుకున్న మహనీయులు డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు. శ్రీకాకుళం ప్రాంతపు ప్రియాగ్రహారంలో 1913లో జన్మించి, 2013 మార్చిలో, నూరేళ్ళకు కొద్ది నెలలు ముందుగా కర్నూలులోనే శివైక్యం చెందారు. వృత్తిచేత వైద్యులు, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులు. ప్రవృత్తిచేత సంగీత గురువులు. మదరాసులో రంగరామానుజ అయ్యంగారి వద్ద కొంతకాలం అభ్యసించి, తంజావూరు బాణీలోని గాంభీర్యాన్ని తెలుగువారికి అందించాలని జీవితమంతా శ్రమించారు. 1983లో సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ బిరుదులు వారిని వరించాయి.

పినాకపాణి గారు వేదికలెక్కి పాడినదానికంటె ఇంట కూర్చుని నేర్పినది ఎక్కువ. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ గార్ల వంటి ఉద్దండులు వారి శిష్యులు. తాను సంపాదించిన కృతులను సంగతులతో, గమకాలతో సహా స్వరపరచి రాసి పెట్టగా, తిరుమల తిరుపతి దేవస్థానంవారు 'సంగీత సౌరభం' పేరుతో సంపుటాలుగా ప్రచురించారు. ఇక్కడ మనం గమనించవలసినది ఒకటున్నది. కచేరిలో పాడే పాట ఆ పూటకు పరిమితం. శిష్యునికి చెప్పే పాట మరో అరవై ఏళ్ళు బ్రతుకుతుంది. కనుక గురువైన విద్వాంసుడు పాటను ఎంచుకునేటప్పుడు ఎదుట కూర్చున్న సభనే గాక, ఇంకా పుట్టని సభలను కూడా మనసులో పెట్టుకోవలసి వస్తుంది. వారి శిష్యులు, ప్రశిష్యులు ఈనాటికీ పాడుతున్న కృతుల పాఠాంతరాలలో అనేకం కర్నూలులో ఆ డాక్టరుగారి ఇంట ఎంపికైనవే.

ఇక క్షేత్రం సంగతికి వద్దాం. త్యాగరాజస్వామి శ్రీరామునికి అంకితమైన భక్తులు. అయినా క్షేత్రానికి వెళ్ళినపుడు ఆ క్షేత్రమూర్తినే పాడారు. కోవూరులో సుందరేశ్వరునిపై ఐదు, తిరువొత్తియూరులో త్రిపురసుందరిపై ఐదు, శ్రీరంగంలో రంగనాథునిపై ఐదు, లాల్గుడిలో అక్కడి స్వామిపైనా అమ్మవారిపైనా ఐదు. ఇష్టదైవం ఒక్కటే అయినా ఎదుట ఉన్నవారిని పలకరించక పోవటం మర్యాద కాదని ఆ మహానుభావుని నడవడి తెలుపుతున్నది. పెద్ద విద్వాంసులు ఈ మర్యాదను పాటిస్తారు. మద్రాసు సభలో పాడిన జాబితానే తెచ్చి కొండ మీద స్వామి ముందు అప్పజెప్పరు.

ఒక విద్వాంసుడు అహోబిలంలో పాడవలసి వచ్చినదనుకుందాం. నరసింహుడనగానే మొదట అఠాణా తలపుకు వస్తుంది. వీర, రౌద్ర రసాలకు ఆ రాగం పెట్టింది పేరు. అయితే మన వాగ్గేయకారులు నృసింహుని ఏ రాగాలలో చూశారో పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. త్యాగయ్యగారి నృసింహ కృతులలో ఒకటి బిలహరిలో ఉన్నది, మరొకటి ఫలరంజని అనే అరుదైన రాగంలో ఉన్నది. ముత్తుస్వామి దీక్షితులవారు నరసింహుని ఆహ్వానించినది మోహనంలో. ఇవేవీ భయంకర రాగాలు కావు. బిలహరి ఉల్లాసాన్ని, మోహనం ప్రసన్నతను ఇచ్చే రాగాలు. త్యాగయ్యగారు ప్రహ్లాదుని కథను 'ప్రహ్లాద భక్తి విజయము' అనే గేయనాటకంగా రచించినపుడు కూడా వారి మనసు స్తంభం చీలిన ఘట్టం మీద గాక, సముద్రంలో పడవేయబడిన ప్రహ్లాదుని ఆర్తి మీద, అతనికి కలిగిన దర్శనం మీద నిలిచినది. హిరణ్యకశిపుని వైపు నుండి చూసినవానికి ఆ రూపం ఉగ్రం. ప్రహ్లాదుని వైపు నుండి చూసినవానికి అది చల్లని నీడ. వాగ్గేయకారులు ప్రహ్లాదుని పక్కన నిలబడి పాడారు.

అనుభవం లేని గాయకుడు సింహం పేరు విని కంఠం పెంచుతాడు. అనుభవజ్ఞుడు ఈ సంగతి తెలిసినవాడు గనుక మోహనమో బిలహరియో ఎంచుకుంటాడు. కాని రెండూ పక్కపక్కన పాడరాదని ఇంతకుముందు చెప్పుకున్నాము. అప్పుడు ఒకదానిని కచేరి ఆదిలోను, రెండవదానిని చివరలోను ఉంచాలి. లేదా ఒకటి వదులుకొని అరుదైన ఫలరంజనిని తీసుకోవాలి. ఫలరంజని సభలో చాలామందికి తెలియదు. అయినా ఆ కృతి వినదగిన చోటు అహోబిలంకంటె మరొకటి ఏమున్నది? మీరు ఎన్నడూ వినని కీర్తనను విద్వాంసుడు ఎందుకు పాడాడు అన్న ప్రశ్నకు ఒక సమాధానం ఇది.

అహోబిలంలో స్వామి ఒక్కరూపంలో లేడు. జ్వాలా, అహోబల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన మూర్తులుగా తొమ్మిది చోట్ల వెలసినాడు. జ్వాలా నృసింహుని వద్ద అఠాణా తగును. లక్ష్మీదేవితో కూడిన మాలోలుని ఎదుట అది తగదు. అక్కడ శృంగారమూ కరుణా కలిసిన రాగం కావాలి. ప్రహ్లాదునికి యోగం ఉపదేశించిన యోగానందుని ముందు చౌకకాలపు కృతియే నిలుస్తుంది. ఒకే దేవుని ఎదుట తొమ్మిది విధాల భావానికి అవకాశం ఉన్న క్షేత్రం ఇది. అహోబిలంలో పాడబోయే విద్వాంసుడు కచేరికి ముందుగా నవనారసింహులనూ దర్శించి రావటం మంచిదని నా అభిప్రాయం. కొండ ఎక్కలేని వయసైతే కనీసం దిగువ అహోబిలం చేరువలోని మూర్తులనైనా సేవించి రావాలి.

ఆ చేరువలోని మూర్తులలో ఛత్రవట నారసింహుడు ఒకడు. హాహా, హూహూ అనే ఇద్దరు గంధర్వులు ఈ స్వామి ఎదుట గానం చేశారనీ, స్వామి పరవశించి వారిని అనుగ్రహించాడనీ స్థలపురాణం. అక్కడి మూర్తిని దర్శించినవారికి స్వామి ఎడమచేయి తొడ మీద తాళం వేస్తున్నట్లుగా ఉండటం కనిపిస్తుంది. సంగీతజ్ఞులకు ఇంతకంటె కావలసిన ప్రమాణం ఏమున్నది! కచేరిలో ముందువరుసలో కూర్చుని తాళం వేసే రసికుణ్ణి చూస్తే గాయకునికి ఉత్సాహమూ కలుగుతుంది, భయమూ కలుగుతుంది. ఆవృత్తం తప్పితే ఆయన చేయి పట్టి ఇస్తుంది. ఛత్రవటంలో ఆ రసికుడు సాక్షాత్తు స్వామియే. అందుచేత ఈ సన్నిధిలో సాహిత్యం మాత్రమే చాలదు. రాగాలాపన, నెరవు, స్వరకల్పన, అంటే గంధర్వులు పాడిన గానభాగం కూడా సమర్పించదగినదే. నరసింహుని పేరు ఉన్నదా లేదా అని మాత్రమే చూసి పాటను ఎంచుకునేవారు ఈ సంగతిని గమనించాలి.

అటు నంద్యాల వైపు చూస్తే లయకు మరొక ఆశ్రయం ఉన్నది. శివుడు తాండవమాడినప్పుడు మద్దెల వాయించేవాడు నందికేశ్వరుడని ప్రసిద్ధి. ఆ నంది పేరు మీదనే నంద్యాలలోనూ పరిసరాలలోనూ నవనందులు వెలసినాయి. ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణంలోనే ఉన్నాయి, చివరకు మహానంది. ఇటువంటి సీమలో కచేరి చేసేటప్పుడు తని ఆవర్తనానికి సమయం కుదించటం నాకు నచ్చదు. సమయం మించిపోతున్నదని నిర్వాహకులు చేయి ఊపగానే మృదంగ విద్వాంసుని ఐదు నిమిషాలకు కట్టడి చేసే ఆచారం ఈనాడు పెరిగినది. మహానందిలో అట్లా చేస్తే నందిని మరచి నందీశ్వరుని కొలిచినట్లే. తెలిసిన గాయకుడు మరొక కృతిని తగ్గించుకొని, ఆ సమయాన్ని మృదంగానికి ఇస్తాడు. ఇదీ ఎంపికలో భాగమే.

మహానందిలో మరొక సొగసైన అవకాశం ఉన్నది. స్వామి లింగం అడుగునుండి ఉబికే స్వచ్ఛజలం కోనేళ్ళను నింపి, పొలాలకు పారుతూ ఉంటుంది. దీక్షితులవారు పంచభూత లింగాలమీద రచించిన కృతులలో జంబుకేశ్వరంలోని జలలింగాన్ని గూర్చినది యమునాకల్యాణి రాగంలో ఉన్నది. ఆ కృతి మహానందిపై రచించినది కాదు. అయినా నీటి మధ్య కొలువైన ఈశ్వరుని ముందు నీటి లింగాన్ని స్తుతించే కృతిని, అందులోను యమున పేరు ఉన్న రాగాన్ని ఎంచుకుంటే సన్నిధికి ఎంత చక్కగా అతుకుతుంది! క్షేత్రంపై కీర్తన ఉంటే దానినే పాడాలి. లేకపోతే భావసామ్యంగల దానిని వెదకాలి. కామేశ్వరీదేవి సన్నిధిలో శ్యామశాస్త్రులవారి ఆనందభైరవి కృతులు అటువంటివే. తల్లిని బిడ్డ పిలిచినట్లుండే ఆ తెలుగు ఏ అమ్మవారి ముందైనా పరాయిగా వినిపించదు.

ఇప్పుడు అన్నింటికంటె బరువైన విషయం. పాడని పాట ఏమవుతుంది?

తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1408 నుండి 1503 వరకు జీవించారు. అహోబిల మఠ స్థాపకులైన ఆదివన్ శఠకోప యతీంద్రుల వద్ద వారు వేదాంతం అభ్యసించారని సంప్రదాయం చెబుతున్నది. అహోబిల నృసింహునిపై వారు పాడిన సంకీర్తనలు ఒకటి రెండు కాదు, అనేకం. మొత్తం 32,000 సంకీర్తనలు రచించారని మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రవలన తెలుస్తున్నది. కుమారులు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచారు. తరువాతి తరాలలో పాడేవారు కరవైనారు. 1922లో ఆ రేకులు వెలుగు చూసి, దేవస్థానంవారి పూనికతో పండితులు వాటిని పరిష్కరించి ప్రచురించటం ఆరంభించేవరకు ఆ సాహిత్యం చీకటిలోనే ఉన్నది. ఈనాడు మనకు దక్కినవి సుమారు 12,000 పైచిలుకు.

రాగిరేకుల మీద సాహిత్యం ఉన్నది, రాగం పేరు ఉన్నది. స్వరం మాత్రం లేదు. అన్నమయ్యగారు ఏ సంగతితో ఎత్తుకున్నారో, పల్లవిని ఎక్కడ విరిచారో రాగి చెప్పలేదు. దేసాళం వంటి రాగాల పేర్లు ఎన్నో కీర్తనల పైన ఉన్నా, ఆ రాగం నాటి రూపం నేటి గాయకుల నోట లేదు. లోహం అక్షరాలను కాపాడినది గాని, గొంతునుండి గొంతుకు అందవలసినది మధ్యలో తెగిపోయినది. ఒకానొక తరంలో కొందరు గాయకులు ఈ పాటలను ఎంచుకోవటం మానివేశారు, అంతే జరిగినది. ఎవరూ వాటిని నిషేధించలేదు, తగులబెట్టలేదు. పాడలేదు.

తెగినదానిని మళ్ళీ అతికించటానికి ఎంత శ్రమ పడవలసి వచ్చినదో చూడండి. మన రాయలసీమ బిడ్డ, అనంతపురం సీమలో 1893లో జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అనేక సంకీర్తనలకు స్వరకల్పన చేశారు. పిదప నేదునూరి కృష్ణమూర్తిగారు మరికొన్నింటిని కచేరి స్థాయి కృతులుగా తీర్చిదిద్దారు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి కంఠంలో వాటిలో కొన్ని దేశమంతా మారుమ్రోగినాయి. 2025 మార్చిలో స్వామిలో ఐక్యమైన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు వందలాది సంకీర్తనలకు స్వరాలు కట్టి, వాటిని సామాన్య భక్తులు సైతం పాడుకునేటట్లు చేశారు. ఇంత చేసినా, సభలలో మనం వింటున్నవి ఎన్ని? మళ్ళీ మళ్ళీ అవే. లెక్క కట్టి చూడండి: రోజుకు పది చొప్పున, ఒక్కసారి పాడినది మళ్ళీ పాడకుండా పోతే, 12,000 సంకీర్తనలు పూర్తికావటానికి 1,200 రోజులు, అనగా మూడేళ్ళకు పైగా పడుతుంది. ఆ పనిని ఏ ఒక్క గాయకుడూ చేయలేడు. కాని అహోబిలానికి వచ్చిన ప్రతి విద్వాంసుడూ ఈ కొండమీది స్వామిని గూర్చి అన్నమయ్య పాడినవాటిలో, ఇంతవరకు వేదిక ఎక్కని ఒక్కదానిని కట్టుకొని తెస్తే?

రాగిరేకులైనా లేని పాటలున్నాయి. సంక్రాంతి పండుగ వెళ్ళగానే అహోబిలస్వామి పారువేటకు బయలుదేరుతాడు. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి పల్లకిలో ఆళ్ళగడ్డ చుట్టుపట్ల 30కి పైగా గ్రామాలు తిరిగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవాలలో జరుగబోయే తన కల్యాణానికి భక్తులను తానే పిలుచుకుంటాడు. నలభై రోజులకు తక్కువ కాని యాత్ర ఇది. మన పల్లెల్లోని కోలాటం, చెక్కభజన బృందాలకు ఇదే పెద్ద సభ. చెంచులక్ష్మీ నరసింహుల సరసాలు, సంవాదాలు వీరి పాటలలో కనిపిస్తాయి. భజన గురువు కూడా పాటను ఎంచుకుంటాడు. చెక్కభజనలో ముందుగా చూడవలసినది అడుగు. కుర్రవాళ్ళ కాళ్ళకు ఏ దరువు పడుతుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నదానిని బట్టి పాట వస్తుంది. ఇక్కడ శ్రుతిపెట్టె లేదు, స్వరలిపి లేదు. గురువుకు వచ్చిన నలభై పాటలలో కుర్రవాళ్ళకు పదే వస్తే, మిగిలిన ముప్పై ఆయనతోనే వెళ్ళిపోతాయి. పినాకపాణి గారు కృతులకు చేసిన సేవను ఈ పాటలకు కూడా ఎవరైనా చేయాలి. ఈనాడు ప్రతి చేతిలోను ఉన్న ఫోనులో పాట పట్టి దాచటం కష్టం కూడా కాదు.

ఇక శ్రోతల చీటీల విషయం. కచేరి మధ్యలో వేదిక మీదకు చీటీలు పంపటం మనవారికి సరదా. పెద్ద విద్వాంసులు వాటిని విసుక్కోరు. తొడ కింద పెట్టుకొని, తని ఆవర్తనం ముగిసిన తరువాత ఒకటో రెండో తీసి పాడతారు. కచేరి చివరి భాగం అందుకోసమే ఉన్నది. ప్రధాన కృతి తరువాత తేలికపాటి కీర్తనలు, భజనలు పాడే ఆ అరగంటలో భక్తుల కోరిక తీరుతుంది. ముందుభాగంలో విద్వాంసుని విచారణ నెరవేరుతుంది. మొదటి కృతి కాకముందే చీటీ పంపితే మాత్రం, పెండ్లి వంటలో పప్పు ఉడకకముందే పాయసం వడ్డించమన్నట్లుంటుంది. చీటీలో ఏమి రాయాలి అన్నది మన చేతిలోనే ఉన్నది. రేడియోలో, టీవీలో నూరుసార్లు విన్నదానిని అడగవచ్చు. లేదా, "అయ్యా, మా అహోబిల స్వామి మీద తమకు వచ్చినది ఏదైనా పాడండి" అని రాయవచ్చు. అటువంటి చీటీని అందుకున్న విద్వాంసుడు తన జ్ఞాపకంలో ఏ మూలనో ఉన్న పాటను తడిమి తీస్తాడు. ఆ పూట కాకపోతే, వచ్చే ఏటికి నేర్చుకొని వస్తాడు.

కచేరి చివరకు మధ్యమావతిని పాడటం ఆనవాయితీ. అంతవరకు జరిగిన స్వర, లయ దోషాలన్నింటికీ ఆ రాగం పరిహారమని పెద్దల నమ్మకం. తరువాత సౌరాష్ట్రంలో మంగళం. హారతి వెలుగుతుంది. తంబురా మీద గుడ్డ కప్పుతారు. గాయకుడు ఎంచుకోవలసినది ఇక ఏమీ లేదు. లోపల పవళింపు వేళ అవుతుంది. సన్నాయి నీలాంబరి అందుకుంటుంది.